అమ్మకానికి ఇల్లు.. అల్లరిమూకలకు నెలవు

* తాళం ఉన్నా రక్షణ కరవైన ఖాళీ గృహాలు
* యజమాని దూరతీరాన.. ఫిర్యాదు చేసేవారే లేరిక్కడ
* రెండు నెలలు, ఆరు నెలలు, పన్నెండేళ్లు.. గడువులే కీలకం

గుంటూరు: గేటుకు ‘ఈ ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు. దాని కింద రెండు ఫోన్ నంబర్లు. వాకిట్లో ముగ్గు పడక ఎన్నాళ్లయిందో చెప్పకనే చెప్పే పిచ్చిమొక్కలు. వరండాలో ఖాళీ సీసాలు, చెదిరిన పేకముక్కలు, సగం కాలిన కొవ్వొత్తి. వీధిలోని వారంతా రోజూ చూసే దృశ్యమే ఇది. చూడనిది ఒక్క యజమాని మాత్రమే. ఆయన ఉండేది అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, కనీసం హైదరాబాద్‌లోనో. కృష్ణా, గుంటూరు డెల్టా పట్టణాలలో ఇల్లు అమ్ముకోదలచిన ఎన్నో కుటుంబాలకు ఇది తెలిసిన వ్యథే.

ఇల్లు అమ్మకానికి పెట్టిన నాటి నుంచి రిజిస్ట్రేషన్ పూర్తయ్యే వరకు నడిచే కాలం నెలలతో ముగియవచ్చు, ఏళ్లకు సాగవచ్చు. ఆ కాలమంతా ఆ ఇంటికి కాగితంపై యజమాని ఉంటాడు, నేలమీద ఎవరూ ఉండరు. దొంగలకు, జూదరులకు, మందుబాబులకు, చివరకు కబ్జాదారులకు కలిసివచ్చేది సరిగ్గా ఈ వెలితే. తాళం పగిలిందా లేదా అన్నది చిన్న ప్రశ్న. తాళం పగిలిన మరుసటి ఉదయమే ఠాణా మెట్లెక్కే బాధ్యత ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు సిద్ధంగా లేని ఇల్లు ఎంత గట్టి తలుపులున్నా తెరిచి ఉన్నట్టే లెక్క.

ఖాళీ కావడానికి కారణాలెన్నో..

2011 జనగణన ప్రకారం దేశంలో సుమారు 2.47 కోట్ల గృహాలు ఖాళీగా ఉన్నాయి. 2001లో ఈ సంఖ్య 1.58 కోట్లు. 2017-18 ఆర్థిక సర్వే సైతం ఈ అంశాన్ని ప్రస్తావించింది. ఒకవైపు ఇళ్లు లేక లక్షల కుటుంబాలు అవస్థ పడుతుంటే, మరోవైపు పట్టణాలలోనే కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉండటం అప్పట్లో చర్చనీయాంశమైంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2027 జనగణనకు 2025 జూన్‌లో కేంద్రం నోటిఫికేషన్ వెలువరించింది.

డెల్టా ప్రాంతానికి వస్తే కారణాలు ఇంటింటికీ తెలిసినవే. పిల్లలు ఉన్నత చదువులకు వెళ్లి విదేశాల్లో స్థిరపడ్డారు. ఇక్కడ మిగిలిన తల్లిదండ్రులలో ఒకరు కన్నుమూస్తే రెండోవారిని పిల్లలు వెంట తీసుకువెళతారు. ఇల్లు మిగిలిపోతుంది. కొన్నిచోట్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య వాటాల లెక్క తేలక బేరం కుదరదు. ఇంకొన్నిచోట్ల ధర మరికొంత పెరుగుతుందన్న ఆశతో యజమానే జాప్యం చేస్తాడు. రాజధాని అమరావతి ప్రకటనతో 2014, 2015 సంవత్సరాలలో విజయవాడ, గుంటూరు పరిసరాల్లో స్థిరాస్తి ధరలకు రెక్కలొచ్చాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక కొనుగోళ్లు మందగించాయి. 2024లో రాజధాని పనులు తిరిగి ఊపందుకునే దాకా ఎందరో యజమానులు అమ్మలేక, ఉంచుకోలేక ఎదురుచూశారు. ఎదురుచూసినంత కాలం ఆ ఇళ్లకు కాపలా ఎవరన్న ఆలోచన మాత్రం కొద్దిమందికే వచ్చింది.

అంచెలంచెలుగా ఆక్రమణ

ఖాళీ ఇల్లు ఒక్కరోజులో పరుల పాలు కాదు. మొదట చెత్త పడుతుంది. పక్కింటివారి కొబ్బరి మట్టలు, ఎదురింటివారి పాత ఇటుకలు గోడ దాటి లోపలికి చేరతాయి. అడిగేవారు లేరన్న సంగతి దీంతోనే వీధికంతటికీ తెలిసిపోతుంది. కొన్నాళ్లకు సంధ్యవేళ నలుగురు కుర్రాళ్లు వెనుకగోడ దూకి డాబాపైకి చేరతారు. సిగరెట్టుతో మొదలై సీసాల దాకా వెళుతుంది. ఐపీఎల్ సీజన్‌లో క్రికెట్ పందేలు, సంక్రాంతి రోజుల్లో పేకాట, డిసెంబరు 31 రాత్రి విందు.. సందర్భానికో పేరు, స్థలం మాత్రం అదే.

ఆ తరువాతి అంచె చోరీ. విలువైన సామాను లేదు కదా అని యజమాని ధీమాగా ఉంటాడు. కానీ మోటారు, ఇత్తడి కుళాయిలు, గోడలోని రాగి తీగలు, సంపు మూత, కిటికీ ఊచలు కూడా పాత ఇనుము దుకాణంలో డబ్బులే. వీటి ఖరీదు వేలల్లోనే ఉన్నా, పీకే క్రమంలో జరిగే విధ్వంసం లక్షల్లోకి పోతుంది. కొనుగోలుదారు వచ్చి చూసేసరికి గోడలు గుల్ల, పైపులు విరుగు. ధర అక్కడే తెగ్గోసుకుపోతుంది.

చివరి అంచె కాపురం. ఎవరో ఒకరు కుటుంబంతో సహా చేరి పొయ్యి వెలిగిస్తారు. అడిగితే ఫలానావారు ఉండమన్నారని చెబుతారు. వీరంతా ఒకే రకం కాదు. పనికోసం దూరప్రాంతం నుంచి వచ్చి, అద్దె కట్టలేక వరండాలో తలదాచుకున్న కూలీలు ఉండవచ్చు. పథకం ప్రకారం ముందు మనుషులను ఉంచి, వెనుక కాగితాలు సృష్టించే కబ్జాదారులూ ఉండవచ్చు. మొదటివారికి మానవతాదృష్టితో ప్రత్యామ్నాయం చూపి పంపవచ్చు. రెండోవారి విషయంలో క్షణం ఆలస్యమూ ప్రమాదమే. ఇద్దరి మధ్య తేడా తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్లి పలకరించాలి. ఆ ఒక్కరే లేకపోవడం ఇక్కడి సమస్య.

నష్టం యజమానికే పరిమితం కాదు. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ట్యూషన్‌కు వెళ్లే ఆడపిల్లలు దారి మార్చుకోవాల్సి వస్తుంది. నిలిచిన నీటిలో దోమలు పెరిగి డెంగీ భయం వీధికంతటికీ పాకుతుంది. పక్కనే ఇల్లు అమ్ముకోవాలనుకునే మరో కుటుంబానికి కూడా బేరం తగ్గుతుంది.

చట్టంలో ఏముంది..

2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత చట్టంలోని 447, 448 సెక్షన్ల అంశాలు ఇప్పుడు 329వ సెక్షన్‌లో ఉన్నాయి. నేరం చేసే ఉద్దేశంతో గానీ, స్వాధీనంలో ఉన్న వ్యక్తిని బెదిరించే, అవమానించే, ఇబ్బందిపెట్టే ఉద్దేశంతో గానీ ఇతరుల ఆస్తిలోకి ప్రవేశించడం అక్రమ ప్రవేశం. దీనికి మూడు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నివాసగృహంలోకి లేదా వస్తువులు భద్రపరిచే కట్టడంలోకి అలా ప్రవేశిస్తే ఏడాది వరకు జైలు, రూ.5 వేల వరకు జరిమానా విధించే వీలుంది. తాళం పగలగొట్టి చొరబడితే 331వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు, రాత్రివేళ అయితే మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఇంట్లో చోరీ జరిగితే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది.

ఇక్కడ గమనించవలసిన మాట ‘స్వాధీనం’. చట్టం అడిగేది దస్తావేజు ఎవరి పేరిట ఉందని మాత్రమే కాదు, ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందని కూడా. తాళంచెవి, విద్యుత్ బిల్లు, ఆస్తిపన్ను రసీదు, నెలనెలా ఊడ్పించిన ఆనవాలు.. ఇవన్నీ స్వాధీనానికి సాక్ష్యాలు. ఒక మంచం, బీరువా, నాలుగు కుర్చీలు లోపల ఉన్న ఇల్లు నివాసగృహమేనని చెప్పడం సులభం. కిటికీలు కూడా లేని బోసిగోడల కట్టడమైతే నిందితుల తరఫున వాదనకు తావిచ్చినట్టే.

జూదం విషయానికి వస్తే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వర్తిస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ ఆటలను కూడా చేరుస్తూ దీనిని సవరించాయి. ఆడేవారితో పాటు, ఇంటిని జూదగృహంగా వాడుకోనిచ్చిన యజమాని, అనుభవదారు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తారు. తనకు తెలియకుండా జరిగిందని యజమాని చెప్పుకోవచ్చు. అయితే పక్కింటివారు పలుమార్లు ఫోన్ చేసి చెప్పినా పట్టించుకోలేదని తేలితే ఆ మాట నిలవడం కష్టం. తొలిసారి సమాచారం అందిన రోజునే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం యజమాని తనను తాను కాపాడుకోవడానికి కూడా అవసరం.

మూడు గడువులు.. మూడు మెట్లు

అక్రమంగా ఎవరైనా కాపురం పెట్టాక యజమానికి తొలుత గుర్తుకు వచ్చేది పన్నెండేళ్ల గడువు. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వారిదైపోతుందట అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 65వ అధికరణం ప్రకారం, ప్రతికూల స్వాధీనం మొదలైన నాటి నుంచి పన్నెండేళ్లలోగా హక్కుదారు దావా వేయాలన్నది నిజమే. అలా గడువు దాటిన స్వాధీనదారు తానే వాదిగా కోర్టుకెక్కి హక్కు కోరవచ్చని 2019లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. అయితే ఆ స్వాధీనం బహిరంగంగా, నిరంతరంగా, యజమాని హక్కును ధిక్కరించేదిగా ఉండాలి. డాబాపై పేకాడి పోయేవారికి, వరండాలో నిద్రించి వెళ్లేవారికి ఏ హక్కూ రాదు.

వాస్తవానికి యజమాని భయపడవలసింది పన్నెండేళ్ల గడువుకు కాదు, అంతకంటే ముందే దాటిపోయే రెండు చిన్న గడువులకు. మొదటిది రెండు నెలలు. ఇంటి స్వాధీనంపై వివాదం శాంతిభద్రతల సమస్యగా మారే పరిస్థితి ఉన్నప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 164వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ విచారణ జరపవచ్చు. పాత చట్టంలో 145వ సెక్షన్‌గా తెలిసినది ఇదే. పోలీసు నివేదికకు ముందు రెండు నెలలలోపు ఎవరినైనా బలవంతంగా వెళ్లగొట్టినట్టు తేలితే, వారే స్వాధీనంలో ఉన్నట్టు భావించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. ఆ వ్యవధి దాటితే ఈ వెసులుబాటు పోతుంది.

రెండోది ఆరు నెలలు. ప్రత్యేక ఉపశమన చట్టం 6వ సెక్షన్ ప్రకారం, తన సమ్మతి లేకుండా, న్యాయప్రక్రియ లేకుండా స్వాధీనం కోల్పోయిన వ్యక్తి ఆరు నెలలలోగా సివిల్ కోర్టులో దావా వేస్తే, హక్కు ఎవరిదన్న లోతుల్లోకి వెళ్లకుండానే తిరిగి స్వాధీనం పొందవచ్చు. ఆ తీర్పుపై అప్పీలు కూడా ఉండదు. ఆరు నెలలు దాటితే దారి మూసుకుపోదు గానీ దూరమవుతుంది. హక్కు పత్రాలు, లింకు దస్తావేజులు, సాక్షులు అన్నీ నిరూపించుకుంటూ పూర్తిస్థాయి దావా నడపాలి.

అమ్మకానికి పెట్టిన ఇంటికి ఈ వ్యాజ్యమే పెద్ద శిక్ష. దావా నడుస్తున్న ఆస్తిని కొన్నవారు తీర్పుకు కట్టుబడాలని ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అటువంటి ఇంటికి బేరగాడు రావడం అరుదు. వచ్చినా సగం ధర అడుగుతాడు. బ్యాంకు రుణం పుట్టదు. తల్లి వైద్యానికో, కూతురి పెళ్లికో, ఉన్న అప్పు తీర్చడానికో ఇల్లు అమ్మదలచిన కుటుంబానికి గెలవబోయే దావా అక్కరకు రాదు.

కోపంతో మనుషులను వెంటబెట్టుకుని వెళ్లి సామాను బయట పడేయడం మరో పొరపాటు. ఒకసారి స్థిరపడిన స్వాధీనాన్ని, అది అక్రమమే అయినా, న్యాయప్రక్రియ ద్వారానే తొలగించాలని సుప్రీంకోర్టు పలు తీర్పులలో స్పష్టం చేసింది. దౌర్జన్యానికి దిగితే కేసు యజమానిపైనే నమోదయ్యే ప్రమాదముంది. అప్పుడే గోడ దూకిన వ్యక్తిని వెంటనే అడ్డగించడం వేరు, నెలల తరబడి కాపురమున్నవారిని గెంటివేయడం వేరు.

తాళంచెవి ఎన్ని చేతులు మారుతోంది?

అమ్మకపు ఇంటికి మాత్రమే ఉన్న మరో ముప్పు తాళంచెవి. ఊరికి వెళ్లి ఇల్లు అమ్మేంత తీరిక లేని యజమాని చెవిని ఒక మధ్యవర్తికి ఇస్తాడు. ఆయన మరో ఇద్దరికి చెబుతాడు. ఇల్లు చూపించడానికి వెళ్లినవారి దగ్గరల్లా నకలు చెవి తయారవుతుంది. కొన్నాళ్లకు తాళం పగలకుండానే లోపల విందులు జరుగుతాయి. అపార్టుమెంట్లలో అమ్ముడుపోని ఫ్లాట్ల పరిస్థితీ ఇంతే. ఒక్క రాత్రికి ఇంత అని వసూలు చేసి యువకులకు తాళం తీసిపెట్టే కాపలాదారు ఉంటే, ఆ ఫ్లాటు యజమానికి, పైఅంతస్తు కుటుంబాలకు కూడా నిద్ర ఉండదు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం వచ్చాక రెరాలో నమోదైన ప్రాజెక్టులలో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లు రిజిస్ట్రేషన్ పొందాలి. పాత సొంత ఇంటిని తిరిగి అమ్మిపెట్టే వీధి మధ్యవర్తులకు ఈ నిబంధన వర్తించదు. అంటే తాళంచెవి ఎవరికి ఇచ్చామో రాసిపెట్టుకోవలసిన బాధ్యత పూర్తిగా యజమానిదే. ఒక్కరికే ఇవ్వడం, ఇచ్చినట్టు సంతకం తీసుకోవడం, మధ్యవర్తి మారగానే తాళం కూడా మార్చడం ఖర్చులేని జాగ్రత్తలు.

బయానా తీసుకున్న రోజునే ఇంటి చెవి అప్పగించడం అంతకంటే పెద్ద పొరపాటు. మంచిరోజు దాటిపోతుంది, పాలు పొంగించుకుంటాం, రిజిస్ట్రేషన్ వచ్చే నెలలో చేయించుకుంటాం అని కొనుగోలుదారు అడిగితే మొహమాటపడి ఇచ్చేవారున్నారు. మిగతా సొమ్ము అందకముందే స్వాధీనం పోతే, ఆ తరువాత అది అక్రమ ప్రవేశం కేసు కాదు, ఒప్పందంపై వివాదం. పోలీసులు సివిల్ కోర్టుకు వెళ్లమంటారు, అదీ సబబే. 2001 సవరణ తరువాత ఆస్తి బదలాయింపు చట్టం 53ఏ సెక్షన్ రక్షణ కొనుగోలుదారుకు దక్కాలంటే ఒప్పందం రిజిస్టరై ఉండాలి. అలా రిజిస్టరు కాని ఒప్పందమైనా, లోపల చేరినవారిని బయటకు పంపడానికి దావా తప్పదు.

కాపలాగా ఉంచితే ఇల్లే పోతుందేమో!

చాలామంది యజమానులు ఇంట్లో ఎవరినీ ఉంచరు. కారణం భయం. పనివారికి, దూరపు బంధువుకు ఇల్లు అప్పగిస్తే తిరిగి ఖాళీ చేయరేమోనన్న అనుమానం. ఈ విషయంలో 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఊరట కలిగిస్తుంది. కాపలాదారు, సంరక్షకుడు, సేవకుడు ఎన్నాళ్లు ఉన్నా ఆస్తిపై వారికి సొంత హక్కు ఏర్పడదనీ, యజమాని తరఫున మాత్రమే వారు అక్కడ ఉన్నట్టనీ న్యాయస్థానం తేల్చిచెప్పింది. అయితే వారు కాపలాదారులేనని రుజువు చేయడానికి కాగితం ఉండాలి. ఏ పనికి, ఏ జీతానికి, ఎప్పటివరకు ఉంటారో రాసుకుని సంతకాలు చేయించడం ఇరువర్గాలకూ క్షేమం. జీతం బ్యాంకు ఖాతా ద్వారా ఇస్తే అదే తిరుగులేని ఆధారమవుతుంది. నమ్మకంగా ఉన్న పనివారికి కూడా రేపు అన్యాయం జరగకుండా ఆ పత్రమే అండ.

అద్దెకు ఇవ్వడం మరో మార్గం. దీపం వెలిగే ఇంటి వైపు అల్లరిమూక చూడదు. అమ్మకం కుదిరితే ఇన్ని రోజుల ముందు తాఖీదు ఇచ్చి ఖాళీ చేయించుకుంటామన్న షరతును ఒప్పందంలో ముందే చేర్చాలి. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని విధిగా రిజిస్టరు చేయించాలన్నది గుర్తుంచుకోవాలి.

ఇక్కడొక ప్రతినిధి ఉంటేనే..

భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేర సమాచారాన్ని ఇ-మెయిల్ వంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పోలీసులకు అందించవచ్చు. సంఘటన ఏ ఠాణా పరిధిలో జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఎక్కడైనా ఫిర్యాదు చేయవచ్చు. విదేశాల్లో ఉన్నవారికి ఇది మేలైన మార్పు. అయితే ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారమిచ్చిన వ్యక్తి మూడు రోజులలోగా దానిపై సంతకం చేస్తేనే అది నమోదవుతుంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు మూడు రోజులలో తెనాలి ఠాణాకు రాలేడు. ఇక్కడున్న పినతండ్రో, స్నేహితుడో రాగలడు.

అక్రమ ప్రవేశం పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరం. విషయం తెలిసిన ఎవరైనా సమాచారమివ్వవచ్చు. పక్కింటివారు కూడా ఇవ్వవచ్చు. కానీ రాత్రివేళ తాగి కేకలు వేస్తున్నవారిపై ఫిర్యాదు చేసి, తెల్లవారి వారితోనే ఒకే వీధిలో తిరగవలసిన ఇరుగుపొరుగు వెనుకాడటం సహజం. యజమాని తరఫున అధికారపత్రం పొందిన వ్యక్తి ముందుకు వస్తే వారూ ధైర్యంగా సాక్ష్యం చెబుతారు.

విదేశాల్లో రాసే అధికారపత్రాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ ఎదుట గానీ ధ్రువీకరింపజేయాలి. అది భారత్‌కు చేరిన మూడు నెలలలోగా ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. ఇంటి సంరక్షణ, పోలీసు ఫిర్యాదు, కోర్టు వ్యవహారాలు వంటి పనులకే పరిమితం చేస్తూ ప్రత్యేక అధికారపత్రం ఇవ్వడం క్షేమం. అమ్మే అధికారం కూడా కలిపి సర్వాధికారాలు కట్టబెడితే కాపలా పెట్టినవారే కన్నం వేసే ప్రమాదముంది. అధికారపత్రాల ఆధారంగా జరిగే అమ్మకాలు హక్కు బదలాయింపు కావని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పినా, వాటితో పుట్టే చిక్కులు ఆగలేదు. మరో ముఖ్య విషయం, అధికారమిచ్చిన వ్యక్తి మరణిస్తే సాధారణంగా ఆ పత్రం చెల్లదు. తండ్రి రాసిచ్చిన పత్రంతో ఆయన తదనంతరం నడిపే వ్యవహారాలు తరువాత వారసుల మెడకు చుట్టుకుంటాయి.

యంత్రాంగం ఏం చేయవచ్చు?

తాళం వేసి ఊరు వెళ్లేవారి కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ గత దశాబ్దంలో ఎల్‌హెచ్‌ఎంఎస్ విధానాన్ని ప్రవేశపెట్టింది. యాప్‌లో నమోదై సమాచారమిస్తే ఇంట్లో కెమెరా అమర్చి, కదలిక కనిపించగానే కంట్రోల్ రూంకు సంకేతం వెళ్లేలా దీనిని రూపొందించారు. పెళ్లికో, తీర్థయాత్రకో వెళ్లి వారం పదిరోజులలో తిరిగివచ్చే కుటుంబానికి తగిన ఏర్పాటు ఇది. ఏడాదిపాటు బోర్డు కట్టుకుని నిలిచే ఇంటికి అదే కెమెరాను శాశ్వతంగా కేటాయించడం సాధ్యం కాదు.

అందుకు వేరే పద్ధతి కావాలి. అమ్మకానికి ఉన్న ఖాళీ ఇళ్ల వివరాలను యజమానులే స్వచ్ఛందంగా ఠాణాలో అందజేసే ఏర్పాటు ఉంటే, రాత్రి గస్తీ సిబ్బంది వారానికొకసారి అటువైపు వెళ్లి చూడవచ్చు. యజమాని, ప్రతినిధి, ఇద్దరు ఇరుగుపొరుగుల ఫోన్ నంబర్లు ఆ పుస్తకంలో ఉంటే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ఏర్పడిన గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థకు వీధివీధి పరిచయం ఉంది. పన్ను రికార్డులు పురపాలక సంఘం వద్ద ఉన్నాయి. ఈ రెండింటినీ ఠాణాతో అనుసంధానిస్తే కొత్త సిబ్బంది లేకుండానే సగం పని జరుగుతుంది. అయితే ఆ జాబితా గోప్యంగా ఉండాలి. ఏ ఇల్లు ఖాళీయో బయటకు పొక్కితే అదే దొంగలకు దారి చూపుతుంది.

పురపాలక సంఘాలకూ ఇందులో పాత్ర ఉంది. ప్రజారోగ్యానికి హాని కలిగించేలా పెరిగిన తుప్పలను, నిలిచిన నీటిని తొలగించమని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం వాటికి ఉంది. వీధిదీపం వెలగని మలుపు, కూలిన ప్రహరీ, మూసివేయని బావి.. ఇవన్నీ అల్లరిమూకలకు అనుకూలించేవే. పన్ను వసూలుకు ఏటా గుర్తుకొచ్చే ఇల్లు పారిశుద్ధ్యానికి కూడా గుర్తుకు రావాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* నెలకొకసారైనా ఇంటిని తెరిపించి, ఊడ్పించి, తేదీ కనిపించేలా ఫొటోలు తీయించి భద్రపరచాలి. తరువాత స్వాధీనానికి ఇవే సాక్ష్యం.

* విద్యుత్ కనెక్షన్ తొలగించవద్దు. సాయంత్రం తనంతట తానే వెలిగే దీపం వాకిట్లో ఉండాలి. వాడకం లేని ఇంటికి ఒక్కసారిగా బిల్లు పెరిగితే లోపల ఎవరో ఉన్నట్టే.

* ఆస్తిపన్ను, నీటిపన్ను సకాలంలో చెల్లించి రసీదులు ఉంచుకోవాలి. ఏడాదికి రెండుసార్లు ఈసీ తీసి, తెలియని లావాదేవీ ఏదైనా నమోదైందేమో చూడాలి.

* ఇల్లు ఖాళీగా ఉందని బోర్డుపై చెప్పనవసరం లేదు. ఫోన్ నంబరు చాలు. ఆ నంబరు ఊళ్లో ఉన్నవారిదైతే మరీ మేలు.

* సిమ్‌తో పనిచేసే సౌరశక్తి కెమెరాలు అందుబాటులో ఉన్నాయి. గేటు, వెనుకగోడ కనిపించేలా రెండు అమరిస్తే దూరాన ఉన్నవారూ చూడగలరు.

* చొరబాటు తెలిసిన వెంటనే 100 లేదా 112కు ఫోన్ చేయించి, అదేరోజు రాతపూర్వక ఫిర్యాదు ఇప్పించి రసీదు తీసుకోవాలి. స్వయంగా తలపడరాదు.

* అసలు దస్తావేజులు ఆ ఇంట్లో ఉంచరాదు. కొనేవారికి నకళ్లు మాత్రమే చూపాలి.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వీటికి కావలసింది క్రమం తప్పని శ్రద్ధ, ఊళ్లో నమ్మదగిన ఒక్క మనిషి. ఒకప్పుడు ఊరికి వెళ్లేవారు పక్కింటి పిన్నిగారికి చెవి ఇచ్చి, సాయంత్రం దీపం పెట్టమని చెప్పి వెళ్లేవారు. కుటుంబాలు చెదిరి, వీధులు మారిన తరువాత ఆ మాటసాయాన్ని కాగితంపై రాసుకోవలసి వస్తోంది. అందులో చిన్నతనం లేదు.

తల్లిదండ్రులు పైసా పైసా కూడబెట్టి కట్టిన ఇల్లు పిల్లలకు చేరేది రిజిస్ట్రేషన్ కార్యాలయంలో సంతకం పెట్టిన రోజున అందే సొమ్ము రూపంలోనే కావచ్చు. ఆ రోజు దాకా ఇంటిని ఇల్లుగా నిలపడం యజమాని బాధ్యత. అర్ధరాత్రి ఫోన్ వస్తే కదలడం పోలీసుల బాధ్యత. ఆ ఫోన్ చేయడానికి వెనుకాడకపోవడం వీధివారి బాధ్యత. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా గేటుకు వేలాడే బోర్డు కొనుగోలుదారుకన్నా ముందు అల్లరిమూకకే ఆహ్వానం పలుకుతుంది.